గ్లాసు మూత

పని నుంచి రాగానే వార్సితో అనే మెకానిక్ ఖాళీ కాఫీ గ్లాసు మూత మీద వేలితో రెండుసార్లు తడతాడు. నోరు విప్పడు. భార్య సుమిరా కాఫీ తెస్తుంది. జావా రేవులో పడవ ఇంజన్లు బాగుచేసే ఆ వేలికి నూనె మరక ఎప్పుడూ ఉంటుంది. ఒకరోజు సాయంత్రం అతను గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కూతురు లారస్, పక్కింటి తెగార్ అమ్మానాన్నల ఆట ఆడుతున్నారు. "కాఫీ పెట్టనా?" అన్నాడు నాన్న వేషంలో ఉన్న తెగార్. "ఒరేయ్ మొద్దూ, నాన్నలు మాట్లాడరు. మూత తట్టు, నేను పరిగెత్తుకొస్తా." "మా ఇంట్లో నాన్నే పెడతాడే." "అయితే ఆయన నాన్నేంట్రా, అమ్మ!" వాకిట్లో సుమిరాతో కూర్చున్న పొరుగు ఆడవాళ్ళు పకపకా నవ్వారు. సుమిరా నవ్వలేదు. వార్సితోకు తలెత్తబుద్ధి కాలేదు. ఆ వేలిని గుప్పిట్లో దాచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి, చక్కెర ఏ డబ్బాలో ఉంటుందో తెలియక నిలబడ్డాడు. సుమిరా ఒక డబ్బా మూత మీద రెండుసార్లు తట్టింది.