ఖాలా కుట్టని మెడ

శుక్రవారం పొద్దున ఖాలా కోడలు ఫోన్ చేసి, "అమ్మి పోయింది అక్కా" అన్నది. అప్పుడు నా కుట్టుమిషన్ మీద ఒక టాప్ ఉంది. భుజాలు, చేతులు, పక్కలు అన్నీ అయ్యాయి. మెడ ఒక్కటే మిగిలింది. అది ఖాలా కుట్టాల్సింది.

ఖాలా అంటే పిన్ని, కానీ ఆమె నాకు చుట్టమేమీ కాదు. కోరుట్లలో మా పక్కిల్లు. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, పెళ్లయి ఇక్కడికొచ్చి, మా వాడంతటికీ జాకెట్లు కుట్టింది. కాలేజీలో లెక్కలు చెప్పే నాకు మిషన్ తొక్కడం నేర్పింది కూడా ఆమే.

పోయిన ఎండాకాలం నాకొక పిచ్చి పట్టింది, టీషర్టు గుడ్డతో టాప్ నేనే కుట్టుకోవాలని! నెట్‌లో నమూనా దొరికింది. జిరాక్స్ షాపులో పదహారు కాగితాలు తీయించి, టేపుతో అతికించి, పరుగున ఖాలా ఇంటికి పోయాను. ఆమె కాగితాల వైపు చూడనే లేదు. గుడ్డను ఇటు లాగింది, అటు లాగింది.

"యా అల్లా! గిదేం గుడ్డ బిడ్డా? పడుగు లేదు, పేక లేదు. గుంజితె సాగుతది, ఇడిస్తె ముడుసుకుంటది!"

కోప్పడిందనుకున్నాను. కాదు, అరవై దాటిన మనిషి కళ్లు మెరుస్తున్నాయి. "ఆగు, దీని సంగతి నేను జూస్త" అని లోపలికి పోయి గంజి తెచ్చింది. నూలుకు గంజి పెట్టే సిరిసిల్ల మనిషి కదా, మాట వినని ప్రతి గుడ్డకూ ఆమె దగ్గర అదే మందు. గంజి పెట్టి ఆరేస్తే అంచులు బుద్ధిగా పడుకున్నాయి. కత్తిరించాం, కుట్టాం, ఒక్క పూటలో అయిపోయింది! ఆగలేక తొడుక్కోబోయాను. తల పట్టలేదు. అప్పడంలా బిగుసుకున్న టాప్‌లో చేతులెత్తి నేను ఇరుక్కుపోతే, ఖాలా నవ్వి నవ్వి కూలబడింది.

బకెట్ నీళ్లలో జాడిస్తే గంజి వదిలింది. ఈసారి మెడ నోరు తెరిచి వేలాడింది. తప్పు నాదే. మెడ చుట్టుకొలత కంటే దానికి కుట్టే పట్టీ పొడవు తక్కువుండాలని నమూనాలో రాసుంది. అచ్చుతప్పు అనుకుని సమానంగా కోశాను!

"లెక్కల పంతులమ్మా, కాయితం నిజమే చెప్పింది. పట్టీ తక్కువనే ఉండాలె. గుడ్డను గుంజకు, పట్టీని గుంజు. గప్పుడే మెడను పట్టుకుంటది" అని మొత్తం విప్పి, తనే కుట్టిచ్చింది.

ఆ తర్వాత తనకూ ఒకటి కుట్టుకుంది, ముదురు ఆకుపచ్చది. సల్వార్ మీద వేసుకుని కొత్త పెళ్లికూతురిలా ఇల్లంతా తిరిగింది. నేను మాత్రం ఎన్ని కుట్టినా మెడ దగ్గరికి రాగానే భయపడి ఆమె దగ్గరికే పరుగెత్తేదాన్ని. "గీ ఒక్కసారే. అచ్చేసారి నువ్వే పెట్టుకో" అనేది. ప్రతిసారీ అదే మాట. ఆ వచ్చేసారి ఎప్పటికీ రాదనుకున్నాను.

ఖాలా పోయిన నాలుగో రోజు మిషన్ ముందు కూర్చున్నాను. రెండుసార్లు కుట్టి విప్పాను. కళ్లు తుడుచుకుని, గుడ్డను వదిలేసి పట్టీని మాత్రమే గుంజుతూ పోయాను. మూడోసారి మెడ చక్కగా కూర్చుంది. అద్దం దగ్గరికి కూడా పోలేదు, తొడుక్కున్న టాప్‌తోనే, అలవాటు కొద్దీ ఖాలాకు చూపించడానికి గుమ్మం దాటేశాను.

గోడ అవతల తీగ మీద ఆమె ఆకుపచ్చ టాప్ ఆరుతోంది. కోడలు ఉతికి వేసినట్టుంది. గాలికి చేతులు ఎగురుతున్నాయి. మెడ మాత్రం గుండ్రంగా, ఎక్కడా సాగకుండా ఉంది.