పేరు పలక కోసం పోయిన ఎర్త్ వైరు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఆడికృత్తిక పండుగకు మురుగన్ కొండకు వచ్చే కావళ్ళ రద్దీ తగ్గాక, నన్ను తిరుత్తణి దగ్గరి ఒక ఐటీఐకి బదిలీ చేశారు. ఎలక్ట్రానిక్స్ విభాగంలో అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసరుని. ఈ హోదాల సంగతి తెలియనివారికి చెబుతాను. అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసరు బెంచి దగ్గర నిలబడి పని చేసి చూపిస్తాడు. ట్రైనింగ్ ఆఫీసరు వచ్చి ఆ పనిని చూస్తాడు. ప్రిన్సిపాలు చూడకుండానే సంతకం పెడతాడు.

చేరిన కొన్నాళ్ళకే ప్రిన్సిపాలు పిలిచి నోటిమాటగా ఒక పని అప్పగించాడు. తిరువళ్ళూరులో ఒక తెలుగు చర్చి ఉంది. అక్కడి గిటారు యాంప్లిఫయరు మూలపడింది. కొత్త ఆలయ ప్రతిష్ఠకు బిషప్పు వస్తున్నారు, ఆలోగా అది పాడాలి. సంఘం సెక్రెటరీ ప్రిన్సిపాలుకు కావలసినవాడు. ఇలాంటి పనులకు మా ఆఫీసులో కాగితం పుట్టదు. బాగా కుదిరితే ప్రిన్సిపాలు చేయించినట్టు, చెడితే నేను ఎవరినీ అడక్కుండా వేలు పెట్టినట్టు.

పెట్టె చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. గాజు వాల్వులతో నడిచే పాతకాలపు సరుకు. ఎప్పుడో ఒక దొర పాస్టరు వదిలిపోయాడట. ఇలాంటివాటిలో ఆపేసిన తరువాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ముందు దాన్ని రెసిస్టరు గుండా దించాలి, ఆ తరువాతే చేయి పెట్టాలి. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాను. వాల్వుల కాళ్ళకు పట్టిన చిలుము గీకాను. నేరుగా కరెంటు ఇవ్వకుండా సీరీస్ బల్బు గుండా ఇచ్చాను. ఆ బల్బు భగ్గున వెలిగితే లోపల షార్టు ఉన్నట్టు, మందంగా వెలిగితే క్షేమం. మందంగానే వెలిగింది. చివరగా రెండు పిన్నుల పాత వైరు తీసేసి మూడు పిన్నులది వేశాను. అందులోని పచ్చ వైరును లోపలి ఇనుప చట్రానికి బోల్టుతో బిగించాను. దాన్ని ఎర్త్ అంటారు. లోపల ఎక్కడైనా కరెంటు తప్పి చట్రానికి తగిలితే, మనిషి ఒంట్లోంచి కాకుండా ఆ వైరులోంచి నేలలోకి పోతుంది.

ఆ గిటారు వాయించేది దేవసహాయం. ఫ్యాక్టరీలో వెల్డరుగా రిటైరైనవాడు. బెంచి దగ్గరే ఒక కీర్తన వాయించి చూసి, ఈ గొంతు మళ్ళీ వింటానని అనుకోలేదన్నాడు. నాకు చాలా సంతోషమైంది. జీతం ఇచ్చినరోజు కూడా అంత సంతోషం ఎరగను.

ప్రతిష్ఠ రోజు పొద్దున్నే వెళ్ళాను. ఆ చర్చిలో ట్యూబులైట్ల మీద దాతల పేర్లున్నాయి, వెలుతురు ఆ అక్షరాల సందుల్లోంచి రావాలి. నేను బాగుచేసిన పెట్టె గోడవైపు తిరిగి ఉంది. పాట గోడకు, వీపు జనానికి. ఎందుకయ్యా అంటే, ముందువైపు గుడ్డ కాబట్టి స్క్రూ నిలవదట, అందుకని వెనక ఇనుప చట్రానికి స్టీలు పలక బిగించారు. మీద సెక్రెటరీ తండ్రిగారి పేరు. బిషప్పు తెర తీయవలసింది దానికే.

దేవసహాయం పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు: “నిన్న వాయిస్తా మైకు కాడికి పోతే పెదవికి చిమచిమ అనింది సార్. సెక్రెటరీ అయ్య, ఆత్మ తాకినాది, మంచిదే అనినాడు. సరి అని ఊరుకున్నా.”

టెస్టరు చట్రానికి ఆనించాను. వెలిగింది. వెంటనే ప్లగ్గు పీకి, వెనక తట్టు విప్పాను. పలక స్క్రూల్లో ఒకటి పొడవెక్కువై లోపల కరెంటు మోసే ఫేజు వైరు తోలు కొరికింది. ఇంకొకదాన్ని నా ఎర్త్ బోల్టు తీసి ఆ రంధ్రంలో బిగించారు. పచ్చ వైరు మొదలంటా కోసేసి ఉంది. నిన్న దేవసహాయం జంపఖానా మీద నిలబడ్డాడు కాబట్టి చిమచిమతో పోయింది. ఈరోజు జంపఖానా తీసి రాతినేల కడిగారు, ఇంకా తడి ఆరలేదు. బలిపీఠం దగ్గరకు ఎవరైనా చెప్పులు విడిచే వెళ్ళాలి. గిటారు తీగలు దాని కేబులు గుండా ఆ చట్రానికే కలుస్తాయి. ఆ తడి మీద వట్టి కాళ్ళతో తీగలు పట్టుకుని మైకు అందుకుంటే, ప్రతిష్ఠ పాటే అతనికి ఆఖరి పాట అయ్యేది. సెక్రెటరీని పిలిచి కోసిన వైరు చూపించాను.

సెక్రెటరీ తొణకలేదు. “ఆ పచ్చ వైరు యాలాడతా అసింగంగా, చూసేదానికి బాగలేకుండా ఉండె సార్, మనోడు కోసేసినాడు. నిన్నంతా పెట్టెలో లైటు ఎలిగె గదా, ఇంకేం కావాల?” అన్నాడు. పలక తీయడానికి వీల్లేదనీ, బిషప్పుగారు దారిలో ఉన్నారనీ, పాట కాగానే చూసుకుందామనీ అన్నాడు. నాకు దేవుడి మీద నమ్మకం తక్కువని కూడా కలిపాడు.

సరేనన్నాను. అయితే ప్రతిష్ఠకు ముందు పెద్దవారు మీరే చెప్పులు విడిచి, ఒక చేయి మీ నాన్నగారి పేరు మీద, రెండో చేయి మైకు మీద ఉంచి చిన్న ప్రార్థన చేయండి, ఆత్మ తాకడం సంఘమంతా చూస్తుంది అన్నాను. ప్లగ్గు అప్పటికే పీకేసి ఉన్న సంగతి ఆయన గమనించలేదు, నేనూ చెప్పలేదు. ఆయన రెండు చేతులూ వెనక్కు కట్టుకున్నాడు. కాసేపు పలక వైపు, కాసేపు తడినేల వైపు చూసి, “తీసేయండి సార్” అన్నాడు.

బిషప్పు వచ్చేలోగా పలక ఊడదీసి, కొరికిన వైరు మార్చి, ఎర్త్ బిగించి, పెట్టెను జనం వైపు తిప్పాను. దేవసహాయం వాయించాడు. పలకను ఆ సాయంత్రం పులిపీఠానికి, అదే ప్రసంగం చెప్పే చెక్కబల్లకు, కొట్టారు.

తరువాతి వారం ప్రిన్సిపాలు నుంచి మెమో వచ్చింది, అనుమతి లేకుండా బయటి పనులు చేసినందుకు సంజాయిషీ ఇమ్మని. ఆ పనికి పుట్టిన మొదటి కాగితం అదే. దాని మీద చూసి సంతకం పెట్టాడో, చూడకుండానే పెట్టాడో తెలియదు.

ఆ తరువాత నేను రెండు పద్ధతులు పెట్టుకున్నాను. బెంచి మీద పాస్ అయిన పెట్టెను, అది ఉండబోయే చోట మళ్ళీ పరీక్షిస్తేనే పని పూర్తయినట్టు. మధ్యలో ఎవరైనా దానికి ఏదైనా బిగించి, ఏమీ కాదులెండి అంటే, ముందు మీరు చేయి పెట్టండి అంటాను. ఇంతవరకు ఒక్కరూ పెట్టలేదు.