బరాత్ గుర్రం మీద మొదటి బహుమతి

స్వారీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు పోయిన ఆదివారం సంగారెడ్డి దగ్గర పోటీ పెట్టారు. గెలిచింది నేను. గెలిచినవాళ్ల బోర్డు మీద మాత్రం నా పేరు లేదు, "గుర్రాల పనివాడు" అని ఉంది. పనివాడంటే నాకు నామోషీ ఏమీ లేదు, పటాన్‌చెరు ఫ్యాక్టరీలో నేను చేసేది పనే. కానీ స్వారీ బడిలో నేను విద్యార్థిని, అందరిలాగే ఫీజు కట్టి నేర్చుకుంటున్నాను.

ఫ్యాక్టరీ బస్సు కిటికీలోంచి రోజూ కొల్లూరు దగ్గర ఆ బడి గుర్రాలు కనిపించేవి. ఒకరోజు దిగి అడిగాను, అట్లా మొదలైంది. పోటీ రోజు మిగతా విద్యార్థులు కార్లలో వెళ్లారు. నేను నాకిచ్చిన బడి గుర్రం చాందినితోపాటు డీసీఎం వ్యాన్ ఎక్కాను. పొద్దున ఆరింటికి బయలుదేరి, పటాన్‌చెరు లారీల వెనక పాకుకుంటూ ఎనిమిదింటికి చేరాం. బస్సులో వచ్చేవాళ్లు సంగారెడ్డి చౌరస్తాలో దిగాలి, అక్కడి నుంచి షేర్ ఆటోకు పది రూపాయలు.

దారిలో డ్రైవర్ యాదగిరన్న నవ్వాడు. "ఇది మొదట్ల బరాత్ గుర్రం తమ్మీ. పెండ్లిళ్లకు నేనే తోలుకపోయేటోణ్ణి. దరువు ఇన్నదా, ఇగ ఆడుడే."

"మరి ఆపుడెట్ల అన్నా?"

"పెండ్లికొడుకు దిగిండు అను. డ్యూటీ అయిపోయిందనుకుంటది."

జోక్ చేస్తున్నాడనుకున్నాను.

పోటీ చిన్నదే. నేల మీద పరిచిన కర్రలు తగలకుండా దాటించి, సున్నంతో గీసిన గడిలో గుర్రాన్ని కదలకుండా నిలబెట్టాలి. నా వంతు రాగానే లక్డారం నుంచి వచ్చిన మా షిఫ్టు దోస్తులు చప్పట్లు అందుకున్నారు, అదీ బరాత్ దరువులో. చాందిని ఉన్నచోటే కాళ్లు ఎత్తి ఆడటం మొదలుపెట్టింది. కుర్చీల్లో ఉన్న ఒకాయన, "పెళ్లికూతురు ఎక్కడయ్యా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. వంగి దాని చెవిలో, "పెండ్లికొడుకు దిగిండే" అన్నాను.

ఆగింది. తర్వాత కర్రలన్నీ దాటింది, ఒక్కటీ కదల్లేదు. మిగతా గుర్రాలన్నీ గీత దాటిన గడిలో చాందిని బొమ్మలా నిలబడింది.

జడ్జి దగ్గరికొచ్చి, "ఏం చెప్పినవ్ దానికి?" అన్నాడు.

"పెండ్లి అయిపోయిందని చెప్పిన సార్."

ఆయన పగలబడి నవ్వి కప్పు నా చేతిలో పెట్టాడు.

తర్వాత బోర్డు చూశాను. రాసినాయన్ని అడిగితే, "గుర్రంతోని డీసీఎంల దిగినవ్ గదా, గట్లనే రాసిన. కప్పు చేతిలనే ఉన్నది గదా, ఇంకేంది పరేషాన్?" అన్నాడు. పేరేందని ఒక్క మాట అడగలేదు.

అయినా ఆ రోజు నాదే. గేటు దాకా చాందిని మీదే వచ్చాను. దోస్తులు మళ్లీ దరువు అందుకున్నారు, ఈసారి నేను ఆపలేదు. అంత ఎత్తు నుంచి చూస్తే కార్లన్నీ చిన్నగా కనిపించాయి. బడి గుర్రం మీద పోటీకి వెళ్లేవాళ్లకు ఒకటే మాట: అది ఇంతకుముందు ఏం పని చేసిందో దాన్ని తోలుకొచ్చే డ్రైవర్‌ను అడగండి.

నిర్వాహకులకు: ఆ బోర్డు ఇప్పుడు మీ ఆఫీసు గోడకు ఉంది. దాని మీద "మల్లేశం, విద్యార్థి" అని దిద్దాలి. దిద్దామని వచ్చే ఆదివారం సాయంత్రంలోగా ఇక్కడే, అందరూ చదివేటట్టు జవాబు రాయాలి.