పరామర్శకు వస్తే ఒక చేట

మా అమ్మ నన్ను రేడియో అనేది. బ్యాటరీలు తీసేసినా మోగే రేడియో అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకునేది. అలాంటి నాకు నా స్నేహితురాలు పెట్టిన షరతు ఒక్కటే.

"ఏమీ అడక్కు. ఓదార్చకు. వచ్చి పక్కన కూర్చో, చాలు."

తొంభైల చివరి సంగతి. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. తనదీ నాదీ ఎదురెదురు ఇళ్ళు, గుంటూరులో ఒకే కాలేజీ, ఒకే బస్సు. ఆ ఏడు మిరప కోతలకు ముందు తన మీద అత్యాచారం జరిగింది. చేసినవాడు మా ఊరివాడే, ఏ పెళ్ళి జరిగినా పందిట్లో నిలబడి వడ్డించేవాడు. తను మర్నాడే వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్ళి కేసు పెట్టింది. వాడు జైలుకు వెళ్ళి, బెయిలు మీద వచ్చి, మేనమామ ఊళ్ళో కూర్చున్నాడు. ఆ తర్వాత మా ఊరు ఒకే పని పెట్టుకుంది. కోర్టుకెక్కినప్పుడు ఏమీ జరగలేదని తనచేత చెప్పించడం.

దానికి దారి పరామర్శ. జ్వరమొచ్చినా, గేదె చచ్చినా, పరీక్ష తప్పినా మావాళ్ళు పరామర్శకు రావలసిందే. ఇలాంటిదానికి ఎలా వెళ్ళాలో ఎవరికీ తెలియక, కొందరు జబ్బు చేసిన మనిషిని చూడవచ్చినట్టు బ్రెడ్డూ బత్తాయిలూ తెచ్చారు. కొందరు ఎవరో పోయినట్టు గుమ్మంలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు అందుకున్నారు. బ్రెడ్డు పొట్లాలు వంటింటి గూడు నిండి కిటికీలోకి పాకాయి. ఆ ఇంట్లో ఎవరికీ బ్రెడ్డు సయించదు. చివరికి గేదెకు పెట్టారు. కొన్నాళ్ళకు అది చొప్ప వేస్తే మొహం తిప్పుకోవడం నేర్చుకుంది.

ఏడుపు అయ్యాక అందరిదీ ఒకే పాట. జరిగిందేదో జరిగిపోయింది, ఆడపిల్లవి, ఓర్చుకో తల్లీ, కోర్టులెక్కితే పరువు పోద్ది. పోవలసింది వాడి పరువు కదా అని నా నాలుక చివరి దాకా వచ్చేది. తను నా మోకాలి మీద చెయ్యి వేసేది. నోరు మూసుకునేదాన్ని. అలా మూసుకున్న ప్రతిసారీ నాకు ఎక్కిళ్ళు పట్టుకునేవి. నేనేదో దొంగతిండి తిన్నాననుకుని వాళ్ళమ్మ చెంబుతో నీళ్ళిచ్చేది.

తను నవ్వడం మానేసింది. కాలేజీకి రావడం మానేసింది. వాళ్ళ నాన్న రోజుకింత మెత్తబడుతున్నాడు. ఆయన కూడా ఆ పాట అందుకుంటే ఇంట్లోనే తను ఒంటరిదైపోతుందని నాకు చచ్చేంత భయంగా ఉండేది.

ఇంతలో వాళ్ళ మిరపకాయ కల్లంలో ఎండి ఇంటికి చేరింది. తొడిమలు తీసిన కాయకు గుంటూరులో ధర బాగుందని వసారాలో గుట్టగా పోశారు. మనుషులతో మాట్లాడడం కంటే తనకు ఆ తొడిమలు తుంచడం తేలికగా ఉండేది. పొద్దున కూర్చుంటే అన్నానికి పిలిచేదాకా లేచేది కాదు. నేనూ పక్కన కూర్చుని తుంచేదాన్ని. మాటల్లేవు. అప్పుడప్పుడు ఎవరికో ఒకరికి తుమ్ము.

ఒకరోజు తనకు మేనత్త వరసైన ఆవిడ వచ్చింది. అప్పటికే ఒకసారి వచ్చి ఏడ్చి వెళ్ళింది, తనివి తీరలేదేమో మళ్ళీ వచ్చింది. నా స్నేహితురాలి తల్లికి ఖాళీ చేతులు చూస్తే గిట్టదు. అలవాటుగా చేటలో ఇన్ని కాయలు పోసి ఆవిడ ముందుకు తోసింది. ఆవిడా అలవాటుగా తుంచడం మొదలుపెట్టింది. మిరప పండే ఊళ్ళో పుట్టినవాళ్ళు ఆ చేత్తో కళ్ళు ముట్టుకోరు. నడక రాకముందే మాకు వచ్చే జ్ఞానం అది. ఆవిడా చేతులు దూరంగానే పెట్టుకుంది. కానీ "ఓర్చుకో తల్లీ" అనే చోటు వచ్చేసరికి కళ్ళొత్తుకోవాలి కదా, కొంగుతో ఒత్తుకుంది. ఆ కొంగు అంతసేపూ కాయల్లోనే పడి ఉంది.

ఆ తర్వాత ఆవిడ ఏడ్చిన ఏడుపు నేను ఏ చావింట్లోనూ వినలేదు. వసారా అంతా తడుముకుంటూ తిరిగి, కుడితి తొట్టి అని కూడా చూడకుండా అందులో మొహం ముంచింది. బ్రెడ్డు వచ్చిందనుకుని గేదె దగ్గరికి జరిగింది. మజ్జిగలూ నీళ్ళూ అయ్యి హడావుడి తగ్గాక చూస్తే, తను తల వంచుకుని ఉంది, భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. వంగి చూశాను. నవ్వుతోంది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు చూసి. కాయ తగలకుండానే నా కళ్ళు మండాయి.

మర్నాటి నుంచి పరామర్శకు ఎవరొచ్చినా చేట తనే పెట్టేది. ముందుకు తోసిన పనిని వద్దనడం మా వైపు మర్యాద కాదు. కొంగు జాగ్రత్త అని కూడా తనే చెప్పేది, కానీ ఏడుపు ఊపులో ఉన్నవాళ్ళకు అది వినపడేది కాదు. ఏడవనివాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. వీధి చివర పరుపులు కుట్టే సాయిబుల ఇంటి ముసలమ్మ రోజూ వచ్చేది. ఒక్క మాట అడిగేది కాదు. చేటెడు కాయ తుంచి, వెళ్ళేటప్పుడు నా స్నేహితురాలి తల నిమరబోయి, చేతులు చూసుకుని, మోచేత్తో నిమిరి వెళ్ళేది. మిగతావాళ్ళు నెమ్మదిగా రావడం తగ్గించారు.

ఆఖరికి ఊరి పెద్దమనిషి వచ్చాడు. వాడి తరఫున వచ్చాడని అందరికీ తెలుసు. ఇస్త్రీ పంచె, భుజాన తెల్ల కండువా. తన నాన్న ఆయనకు కుర్చీ వేసి, తాను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలబడడం చూసి నాకు ఎక్కిళ్ళు మొదలయ్యాయి. తను చేట తెచ్చి పెద్దమనిషి ఒళ్ళో పెట్టింది. ఎంతైనా రైతు, చేతులు వాటంతట అవే కాయ అందుకున్నాయి. తుంచుతూ అసలు సంగతి చెప్పాడు. వాడు తనను పెళ్ళి చేసుకోవడానికి ఒప్పుకున్నాడట. వరమిస్తున్నట్టు చెప్పాడు. ఆ చేట ఎత్తి నెత్తిన బోర్లించాలనిపించింది నాకు. ఆడపిల్లకు ఓర్పు ఉండాలంటూ, చెమట పట్టి, ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. కండువా కొసలు చేటలో ఉన్నాయి.

కుర్చీ వెనక్కి పడింది. తన నాన్న బిందెతో నీళ్ళు తెచ్చాడు, అమ్మ మజ్జిగ తెచ్చింది, నేను ఎక్కిళ్ళతోనే విసనకర్ర పట్టుకుని విసిరాను. మంట, మంట అంటూ ఆయన వసారాలో గిరగిరా తిరుగుతున్నాడు.

తను కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

"మీకు మంటంటే ఇంటిల్లిపాదీ పరిగెత్తాం పెదనాన్నగారూ. నాకు మంటంటే ఓర్చుకోమన్నారు. నేను ఓర్చుకోను. కోర్టులో జరిగింది జరిగినట్టు చెప్తాను. వాణ్ణి చేసుకోను."

గొంతు కూడా పెంచలేదు. తన నాన్న బిందె కింద పెట్టి, వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు.

"విన్నావుగా అన్నయ్యా," అన్నాడు. ఆ తర్వాత ఆయన మెత్తబడడం నేనెప్పుడూ చూడలేదు.

వాడికి శిక్ష పడడానికి చాలా కాలం పట్టింది. నాకు బాగా గుర్తున్నది మాత్రం తను సాక్ష్యం చెప్పిన రోజు. వాయిదాలు పడీ పడీ మళ్ళీ కోతల కాలం వచ్చేసింది. గుంటూరు కోర్టు వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఇలాంటి కేసు తలుపులు మూసి విచారిస్తారు, నేను లోపలికి వెళ్ళడానికి లేదు. తన నాన్న ఒకచోట నిలవలేక గేటుకీ వరండాకీ తిరుగుతున్నాడు. తను నా వైపు తిరిగింది.

"ఏదో ఒకటి మాట్లాడవే," అంది.

అన్నాళ్ళు మింగిన మాటల్లో ఒక్కటీ పైకి రాలేదు. రేడియో సరిగ్గా ఆ రోజే మూగబోయింది. వెతికి వెతికి, "మీ గేదె నిన్న మీ నాన్న చేతిసంచి వాసన చూసిందే. ఇంకా బ్రెడ్డు మీద ఆశ చావలేదు దానికి," అన్నాను.

తను నవ్వింది. నవ్వుతుండగానే లోపలి నుంచి పిలుపు వచ్చింది. వోణీ సర్దుకుని వెళ్ళింది.

తలుపు మళ్ళీ తెరుచుకునేసరికి ఎండ బల్ల మీదికి వచ్చింది. తను మెల్లగా నడిచి వచ్చి నా ముందు నిలబడింది. ఏమడిగారు, వాడు ఉన్నాడా, భయపడ్డావా అని అడగాలని ప్రాణం కొట్టుకుంటోంది. నోరు మూసుకున్నాను. ఎక్కిళ్ళు వచ్చాయి.

"అంతా చెప్పేశానే," అంది.

నేను బల్ల మీద కొంచెం జరిగాను. తను వచ్చి పక్కన కూర్చుంది.