మిర్చి పొగలో హనుమన్న

1974 ఎండాకాలం. మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అని మారి ఇంకా ఏడాది నిండలే. బీదర్ ఫైర్ స్టేషన్ల నేను లీడింగ్ ఫైర్‌మన్‌ను. అంటే బండి మీద పోయే ఆరుగురిల ముందు నడిచేటోన్ని, తప్పు జరిగితే ముందు మాట పడేటోన్ని. రాష్ట్రం పేరు మారినందుకు మాకు కొత్త బోర్డు వచ్చింది, టోపీలకు కొత్త బిళ్లలు వచ్చినయి. నేను ఏడాది సంది అడుగుతున్న గాలి సిలిండర్లు మాత్రం రాలే.

ఆ సిలిండర్ల ముచ్చట ముందే చెప్పాలె. పొగల పోయేటందుకు బ్రీతింగ్ అపారటస్ అని ఒక సామాను ఉంటది, మేం బీఏ సెట్ అంటుంటిమి. వీపుకు గాలి నింపిన సిలిండర్, ముఖానికి రబ్బరు మాస్క్. మా స్టేషన్‌కు రెండు సెట్లు ఇచ్చిన్రు. రెండింటినీ స్టోర్ రూముల పెట్టి తాళం వేసిన్రు. ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు బయటికి తీసి, తుడిచి, తెల్లగుడ్డ మీద పరిచి, పెద్ద సార్లు పోంగనే మళ్ల లోపల పెట్టుడు. నేను బెంగుళూరు ట్రైనింగ్‌ల ఆ మాస్క్ పెట్టుకొని పొగ గదిల తిరిగొచ్చినోన్ని. వారానికొకసారి డ్రిల్ పెడ్దామని మా స్టేషన్ ఆఫీసర్‌ను అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

"మాస్క్ చినిగితే పైకి ఎవరు జవాబు చెప్పాలె విఠలయ్యా? నువ్వా, నేనా?"

"వాడకుంట దాచి ఏం చేస్తం సార్?"

"దాస్తే ఉంటది."

ఆయన చెడ్డమనిషి కాదు. మైసూరు దిక్కునుంచి వచ్చినోడు, పరేడ్ అంటే పానం. రోజూ పొద్దున గంటసేపు కవాతు చేయించేటోడు. హోస్ పైపుల ఇత్తడి మూతులు చింతపండు పెట్టి తోమించేటోడు. అవి అద్దం లెక్క మెరుస్తుండె. ఆ మూతిని బండికి ఎంత జల్ది బిగిస్తున్నరని గడియారం పెట్టి చూసినోడు మాత్రం లేడు. నేను అడిగి అడిగి యాష్టపడ్డ.

ఆయనతోని వేగుడు ఒకెత్తైతే హనుమన్నతోని వేగుడు ఇంకొకెత్తు. అసలు పేరు హనుమయ్య, మా అందర్ల సీనియర్. హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడే నౌకరిల చేరిండు. తువ్వాల తడిపి మూతికి కట్టుకొని ఎంత పొగలకైన పోయేటోడు, దగ్గుకుంట బయటికొచ్చి బీడీ ముట్టించేటోడు. కొత్తగ చేరినోళ్లకు ఆయన దేవుడు. "పొగ తిననోడు ఫైర్‌మన్ ఎట్లైతడురా? మాస్కులు పట్నపోళ్లకు," అనేటోడు. నేను డ్రిల్ మాటెత్తితే అందరికంటె ముందు నవ్వేది ఆయనే.

ఆ రోజు పొద్దు నడినెత్తికొచ్చింది. సైకిల్ మీద ఒక హమాలీ రొప్పుకుంట వచ్చి, గంజ్ మార్కెట్ వెనుక గల్లీల రాజేశం సేఠ్ మిర్చి గోదాం అంటుకుందని చెప్పిండు. గంట కొట్టినం. నేను స్టోర్ దిక్కు ఉరికిన. తాళం వేసి ఉంది. తాళంచెవి క్లర్క్ జేబుల ఉంది, క్లర్క్ చుట్టాల పెండ్లికని కమలనగర్ల ఉన్నడు.

బండి మీది గొడ్డలి తీసుకొని తాళం మీద వేసిన.

"విఠలయ్యా, అది సర్కారు తాళం," అన్నడు ఆఫీసర్.

"మేం గూడ సర్కారోళ్లమే సార్," అనుకుంట రెండో దెబ్బ వేసిన.

పెట్టెలు తెరిస్తే ఒక సిలిండర్ ముల్లు సున్న మీద ఉంది. రెండోది సగానికి కొంచెం కింద ఉంది. ఎన్నడు నింపిన్రో, ఎట్ల కారిపోయిందో ఎవరికీ తెల్వదు. సగందే బండిల వేసుకొని పోయినం.

ఎండుమిర్చి కాలితె ఎట్లుంటదో ఇంట్ల పోపు మాడినప్పుడు అందరికీ తెలుసు. వందల బస్తాలు కాలుతున్నయనుకోండ్రి. గల్లీ మొదట్లనే మా కండ్లు వాటంతట అవే మూసుకపోయినయి. గొంతుల నిప్పు పోసినట్టుంది. మంట పెద్దగ లేదు, బస్తాలు లోలోపల రాజుకుంటున్నయి. పొగనే అసలు సంకటం. మూతికి ధోతి కొంగు అడ్డం పెట్టుకొని రాజేశం సేఠ్ బండికి ఎదురొచ్చిండు.

"అన్నా, ముంగటి బస్తాల మీద నీళ్లు పోయకుండ్రి. తడిస్తె మిర్చి నల్లబడ్తది. ఎనుకకెల్లి పోయండ్రి."

"లోపల మనుషులున్నరా సేఠ్?"

"లేరు, లేరు. అందరు బయటికొచ్చిన్రు."

తొడిమలు తీసే ఆడోళ్లు గోడకు ఆనుకొని దగ్గుతున్నరు. వాళ్లల్ల ఒకామె నా చెయ్యి పట్టుకున్నది. "మాణెమ్మ రాలేదన్నా. బస్తాలు లెక్కవెట్టనీకి పైకి పోయింది." పైన అంటే గోదాం మిద్దె. లోపలికెల్లి కట్టె మెట్లు, వెనుక గల్లీ దిక్కు ఒక కిటికీ.

నేను సిలిండర్ వీపుకేసుకొని పట్టీలు బిగిస్తున్న. అటు హనుమన్న తువ్వాల బకెట్ల ముంచుతుండు.

"హనుమన్నా, ఆగు. రెండే నిమిషాలు."

"నువ్వు పట్టీలు కట్టుకునేదాక ఆమె బతుకుతదారా?" అని లోపలికి పోయిండు.

ప్రతి వారం డ్రిల్ చేసి ఉంటే ఆ పట్టీలు నిమిషంల బిగుస్తుండె. చెయ్యలే గనుక నా వేళ్లు తడబడుతున్నయి.

నడుముకు తాడు కట్టుకొని, దాని కొస బయట ఉన్న ముగ్గురికి ఇచ్చిన. "ఒక్కసారి గుంజితే బాగున్న అని. మూడుసార్లు గుంజితే మీరు గుంజాలె. యాదుంటదా?" అన్న. తలకాయలు ఊపిన్రు.

లోపల నా చెయ్యి నాకు కనబడ్తలేదు. గోడ పట్టుకొని పాక్కుంట మెట్ల దాక పోయిన. మూడో మెట్టు మీద చేతికి బూటు తగిలింది. కాలు పట్టి ఊపిన, కదలిక లేదు. హనుమన్న బోర్లపడి ఉన్నడు. నేను బాగున్న అని చెప్పనీకి తాడు ఒక్కసారి గుంజిన.

బయటున్న ముగ్గురు కలిసి బలంకొద్ది నన్నే గుంజిన్రు.

వెల్లకిలా పడి, ఈడ్చుకుంట గుమ్మం దాక వచ్చిన. మాస్క్ లోపలికెల్లి ఎన్ని తిట్లు తిట్టిన్నో లెక్కలేదు, ఒక్కటీ వాళ్లకు వినబడలే. వాళ్లు సంబరంగ నన్ను లేపుతున్నరు. సగం సిలిండర్ల సగం అట్ల పోయింది. వాళ్ల తప్పనలేను. ఆ సైగలు వాళ్లు అంతకు ముందు ఒక్కరోజన్న నేర్చుకోలే.

మళ్ల పోయిన. తాడు నా నడుముకెల్లి విప్పి హనుమన్న చంకల కింద కట్టి మూడుసార్లు గుంజిన. ఈసారి సరిగ్గనే గుంజిన్రు. ఆయన ఒళ్లు నా చేతులకెల్లి జారి పొగల మాయమైంది. ఇగ నాకు తాడు లేదు. మెట్లెక్కి మిద్దె మీదికి పోంగనే వీపు మీద సీటీ మొదలైంది. గాలి అయిపోవస్తుందని ముందుగ చెప్పే ఈల అది. అప్పుడు బయటికి రావాలెనని రూలు. నేను కిటికీ దిక్కు పోయిన.

మాణెమ్మ కిటికీ కింద మోకాళ్ల మీద ఉంది. తలకు తడి గోనెసంచి, మూతి కిటికీ తలుపు సందుకు ఆనించి ఉంది. తలుపు ఎన్నేండ్ల కిందనో మేకులు కొట్టి మూసిన్రు. నడుముకు చెక్కుకున్న గొడ్డలితోని నాలుగు దెబ్బలు వేస్తే పలక ఊడింది. మాస్క్ గుంజేసి నేనూ ఆ సందుల తలపెట్టి, నిచ్చెన నిచ్చెన అని అరిచిన. ఇద్దరు హమాలీలు తెచ్చి వేసిన్రు. మాణెమ్మ ముందు దిగింది.

కింద ఆమెను అడిగిన. "గోనెసంచి తడుపుకోమని నీకెవరు చెప్పిన్రమ్మా?"

"ఎవరు చెప్తరన్నా? పైన తాగే కుండ ఉండె, నీళ్లు పోసుకున్న. గాలి ఎటొస్తే అటు మూతి పెట్టిన," అని దగ్గుకుంట కూసున్నది.

హనుమన్న బతికిండు. దవాఖానల ఉంచిన్రు. రాజేశం సేఠ్ పూలదండ తీసుకొనిపోయి, ధైర్యవంతుడని ఆయన మెడల వేసిండు. హనుమన్న గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నాకు మాత్రం మూడోరోజు మెమో వచ్చింది, కన్నడల టైపు చేసి. సర్కారు తాళం ఎందుకు పగలగొట్టినవ్, మాస్క్ రబ్బరు ఎట్ల కమిలింది, సీటీ మోగినంక ఎందుకు బయటికి రాలేదని. ఆ కాగితం చదివి స్టేషన్ మెట్ల మీద చానసేపు కూసున్న. తిట్టుకునే ఓపిక గూడ లేకుండె.

హనుమన్న డ్యూటీకి తిరిగొచ్చిండు గాని పాత మనిషి రాలే. గంట మోగితె బండెక్కేటోడు, చేతులు ఒడిల దాచుకునేటోడు. బీడీ మానేసిండు. ఒకరోజు భోజనాల కాడ ఒకడు, "అన్నకు మిర్చి పొగ అరగలే," అన్నడు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఇన్నేండ్లైన ఆ నవ్వు యాదికొస్తే నా మీద నాకే కోపమొస్తది.

ఆ మాపు ఆయన నీళ్ల ట్యాంకు వెనుక ఒక్కడే కూసున్నడు. నేను పోయి పక్కన కూసున్న.

"విఠలా, నిద్ర పడ్తలేదురా. కండ్లు మూస్తే మెట్లు కనబడ్తున్నయి. ఎక్కుతుంటే అయిపోతలేవు."

"డాక్టర్‌కు చెప్పినవా?"

"ఏమని చెప్పాలె? భయమైతుందనా?" భుజం మీది తువ్వాల తీసి ఒడిల పెట్టుకున్నడు. "బండిల నువ్వు సెట్ పెట్టినప్పుడే చూసిన. నాకూ ఒకటుంటే బాగుండుననిపించింది. అడగనీకి సిగ్గైంది. ఇన్నేండ్లు అందరికి ఏం చెప్పిన నేను?"

రెండోరోజు ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి పోయినం. ఆయన ఊపిరితిత్తులకు మందిచ్చిండు, నిద్రకొక గోలి ఇచ్చిండు. మిగిలినదానికి అప్పుడు మా దగ్గర పేరు లేకుండె.

మెమో మీద విచారణకు గుల్బర్గా నుంచి పెద్దాఫీసర్ వచ్చిండు. నన్ను నిలబెట్టి తాళం సంగతి అడుగుతున్నడు. పిలవకుంటనే హనుమన్న లోపలికొచ్చి సెల్యూట్ కొట్టిండు.

"సార్, తాళం పగలకపోతే నేను ఇయ్యాల లేను. ఆమె గూడ లేదు. మాస్క్ లేకుంట పోయింది నా తప్పు. పోవద్దని మాకు నేర్పకపోయింది మీ అందరి తప్పు. రెండూ రాసుకోండ్రి."

పెద్దాఫీసర్ పెన్ను పక్కకు పెట్టిండు. మా స్టేషన్ ఆఫీసర్ నేల చూస్తుండు. మెమో ఎత్తేసిన్రు. ప్రతి బుధవారం బీఏ డ్రిల్ చెయ్యాలెనని ఆర్డర్ వచ్చింది. కొత్త సిలిండర్లు వచ్చేటాలకు వానకాలం గూడ పోయింది, అది వేరే ముచ్చట.

మొదటి డ్రిల్‌కు హనుమన్ననే ముందు నిలబడ్డడు. మాస్క్ పెట్టుకున్న నిమిషానికే గుంజేసి కింద కూసున్నడు, ఒళ్లంత చెమట. ఎవరూ నవ్వలే. "విఠలా, మళ్ల కట్టు," అన్నడు. ఆయన పూర్తి డ్రిల్ చేసేదాక ఐదు వారాలు పట్టింది.

ఆ కేసు నాకు నేర్పిందేందంటే, ముడి వేసుడు, పట్టీ బిగించుడు వారాల్ల నేర్పొచ్చు. నాకు రాదు, నాకు భయమైంది అని తోటోళ్ల ముంగట చెప్పుడు నేర్పాలంటే ఏండ్లు పడ్తది. ఆ మాట అననీయని స్టేషన్ల ఎంత మంచి సామాను ఉన్నా పెట్టెల ఉన్నట్టే. అందుకే ఆ తర్వాత ప్రతి మంట ఆర్పి వచ్చినంక అందర్ని కూసోబెట్టి, ఎవరికి ఎక్కడ ఏమైందో చెప్పమని అడిగేటోన్ని. మొదటిసారి ఎవరూ నోరు తెరవలే. రెండోసారి ఒకడు బూటు జారిందన్నడు, అంతే. మూడోసారి హనుమన్న చాయ్ గిలాస కింద పెట్టిండు.

"ఇయ్యాల తలుపు కాడ నాకు కాళ్లాడలే," అన్నడు. "చానసేపు అక్కడ్నే నిలబడ్డ."

ఆయన పక్కన కూసున్నోడు తల ఎత్తకుంటనే, "నాకు గూడ అన్నా," అన్నడు.