ఆ గొంతు నాకు తెలుసు

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. నేను నోరు తెరిచి చెప్పిన అబద్ధం కూడా కాదది. తెలిసిన విషయాన్ని తెలియనట్టు కూర్చున్నాను, అంతే. ఆ "అంతే" అనే మాటని పట్టుకునే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మాది ఆర్.సి.ఎం. కాథలిక్ చర్చి కాదు, ఫాదర్ దగ్గర మోకరించి చెవిలో చెప్పుకునే వసతి లేదు. మా చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పే అలవాటుంది కానీ, అక్కడ అందరూ ఎప్పుడో కడిగేసుకున్న పాపాలే చెబుతారు. నేనూ చాలాసార్లు చెప్పాను. ఇది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నేను తిరువూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పాటలంటే పిచ్చి. మా ఊళ్ళో నాలాంటి పిచ్చివాళ్ళు ఇంకొందరున్నారు. వాళ్ళందరికీ పెద్ద, బట్టల కొట్టు సత్యం గారు. ప్రతి ఏడాదీ డిసెంబరు చివరి ఆదివారం, చర్చి అయ్యి భోజనాలు ముగిశాక, ఆయన కొట్టు మేడమీద గదిలో చేరతాం. చీరల అట్టపెట్టెలు ఒక పక్కకి నెట్టి చాపలు పరుస్తాం. ఆ ఏడాది వచ్చిన ఆల్బమ్స్‌లో తనకు అన్నిటికంటే నచ్చినదాన్ని ఒక్కొక్కరూ తెచ్చి, అందులోంచి రెండు పాటలు వినిపించాలి. సినిమా పాటలైనా సరే, క్రైస్తవ గీతాలైనా సరే, అయ్యప్ప పాటలైనా సరే. ఒకసారి మా డ్రాయింగ్ మాస్టారు భాష కూడా తెలియని ఏ దేశానివో పాటలు తెచ్చి అందరినీ ఏడిపించాడు.

అయితే ఒక నియమం ఉంది. పాట తెచ్చినవాళ్ళు పాడింది ఎవరో ముందు చెప్పకూడదు. అందరూ విని, బాగుందో బాగోలేదో చెప్పాక, అప్పుడు బయటపెట్టాలి. సత్యం గారు పెట్టిన నియమమిది. పేరు వింటే చెవి మూసుకుపోతుందండీ, అంటారాయన. మొహమాటాన్ని కూడా చెప్పులతో పాటు మెట్ల దగ్గరే వదిలి రమ్మంటారు. దానివల్ల ఎన్ని తమాషాలు జరిగాయో. పెద్ద పెద్ద గాయకులని మేం చీల్చి చెండాడి, పేరు తెలిశాక నాలుక కరుచుకున్న సందర్భాలున్నాయి. అలా అన్నవాళ్ళని తప్పు పట్టకూడదన్నది కూడా ఆ నియమంలో భాగమే. తెలియక అన్నారు కాబట్టి అది నిజమైన మాట అని లెక్క.

ఆ గదిలో నా మాటకి విలువెక్కువ. ఎందుకంటారా? నేను కటువుగా మాట్లాడతాను. మనవాళ్ళలో కటువుగా మాట్లాడేవాళ్ళకి నిజాయితీపరులన్న పేరు ఊరికే వచ్చేస్తుంది. మా ఆయన మాత్రం నీ నోట్లో ఉన్నది నాలుకా కత్తిపీటా అంటుంటాడు. నేను నవ్వేసేదాన్ని. లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

సలోమి గురించి చెప్పాలి. దగ్గర్లోని వినగడప ఊరమ్మాయి, అంగన్‌వాడీలో పని చేస్తుంది. అమ్మా నాన్నా పత్తి చేలకి కూలికి వెళ్ళేవాళ్ళు. క్వయర్ ప్రాక్టీసు కోసం షేర్ ఆటోలో వేలాడుతూ మా చర్చికి వచ్చేది. అప్పుడు క్వయర్‌లో ముందు పాడేది నేను. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, మాటని ఎక్కడ వదలాలో, మైకుకి ఎంత దూరంలో నిలబడాలో దానికి నేనే నేర్పాను. అక్కా అక్కా అంటూ నా చుట్టూ తిరిగేది. మేడమీద గదికి దాన్ని తీసుకెళ్ళింది కూడా నేనే.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. నేను ఎప్పటికైనా ఒక ఆల్బమ్ చేస్తానని మా చర్చిలో అందరూ అనుకునేవారు. నేనూ అనుకున్నాను. పెళ్ళయ్యాక అనుకున్నాను, పిల్లలు కాస్త పెరిగాక అనుకున్నాను. ఈలోపు బళ్ళో ఏళ్ళ తరబడి అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. ఒక క్రిస్మస్‌కి పై చరణం అందుకోబోయి మధ్యలో ఆగిపోయాను. నా వెనకనుంచి సలోమి దాన్ని అందుకుని, ఎవరికీ తెలియకుండా పూర్తి చేసింది. నన్ను కాపాడింది. దానికి నేను కృతజ్ఞతగా ఉండాలి కదా? ఉన్నాననే అనుకున్నాను.

ఆ ఆదివారం సలోమి వంతు వచ్చింది. ఫోను స్పీకరుకి కలిపి, కొంగు సర్దుకుని, గోడ వైపు తిరిగి కూర్చుంది. పాట మొదలైంది. పత్తి ఏరే వేళ్ళ గురించి, ఆ వేళ్ళనే జోడించి చేసే ప్రార్థన గురించి. మొదట ఎవరో తెలియని గొంతులా అనిపించింది. స్టూడియో వాళ్ళు దానికి చాలా మెరుగులు పెట్టారు, వెనక వయొలిన్లు పెట్టారు. గదిలో ఇంకెవరూ గుర్తుపట్టలేదు.

నేను మొదటి చరణంలోనే గుర్తుపట్టాను. సలోమికి ఒక అలవాటుంది. పై స్థాయి అందుకునే ముందు గుటక వేసినట్టుగా ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది. దాన్ని మాన్పించాలని నేను చేయని ప్రయత్నం లేదు. స్టూడియో వాళ్ళు అన్నీ నునుపు చేశారు కానీ ఆ గుటకని వదిలేశారు. ఇది సలోమి. సలోమి ఆల్బమ్ చేసింది. నాకు చెప్పకుండా చేసింది.

నాకు చెప్పకుండా. చూడండి, అందులో పాపమేముంది? అందరి ముందు పేరు లేకుండా వినిపించి, నా నోట బాగుందనిపించుకుని, అప్పుడు నాదే అక్కా అని చెప్పాలనుకుంది. పుట్టినరోజు పిల్లలా గోడ వైపు తిరిగి ఎదురుచూస్తోంది. ఆ సంగతి నాకు అప్పుడే అర్థమైంది. అర్థమై కూడా చేశాను.

రెండు పాటలూ అయిపోయాయి. సత్యం గారు కళ్ళు మూసుకుని అట్టపెట్టె మీద వేళ్ళతో తాళం వేస్తూనే ఉన్నారు. ఆయన నోరు తెరిస్తే ఏమంటారో నాకు తెలుసు. అందుకే నేను ముందు అందుకున్నాను. గొంతుంది కానీ ప్రాణం లేదన్నాను. నేర్చుకున్న పాటే తప్ప లోపల్నుంచి వచ్చింది కాదన్నాను. ఈమధ్య చర్చిలో మైకు దొరికిన ప్రతివాళ్ళూ ఆల్బమ్ చేసేస్తున్నారన్నాను. ఇంటి దగ్గర పాడుకుంటే సరిపోయేదానికి స్టూడియో దాకా ఎందుకు అన్నాను. ఆ చివరి మాట అంటూ నవ్వాను కూడా. నాతో పాటు ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఆ తర్వాత అందరూ నా దారే పట్టారు. డ్రాయింగ్ మాస్టారు అవును, ఏదో వెలితిగా ఉందన్నాడు. సత్యం గారు తాళం ఆపేసి, టీచరు గారు అన్నాక ఆలోచిస్తే నిజమే అనిపిస్తోందన్నారు. పేరు చెప్పమని సలోమిని అడిగారు. అది ఇటు తిరిగింది. ఎవరో కొత్తమ్మాయండి, పేరు నేను కూడా సరిగ్గా చూడలేదు, అంది. ఫోను తీసి సంచిలో పెట్టుకుంది. ఆ రోజు చివరిదాకా కూర్చుని అందరి పాటలూ వింది. టీ గ్లాసులు కూడా తనే కడిగింది.

నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాను. అప్పుడైనా, పిచ్చిదానా అది నువ్వే కదా, నీ గొంతు నాకు తెలియదా, ఊరికే ఆటపట్టించాను అని ఉంటే సరిపోయేది. అందరూ నవ్వేవాళ్ళు. అది కొంచెం ఏడ్చి, కొంచెం నవ్వేది. నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకు ఆగింది? ఎంత వెతికినా ఒకటే జవాబు. అది ఓడిపోవడం నాకు ఆ నిమిషంలో హాయిగా ఉంది.

ఇంటికెళ్ళాక పాటలోని మాటలు కొట్టి ఆ ఆల్బమ్‌ని ఫోన్లో వెతికి పట్టుకున్నాను. పేరూ ఫొటో ఏమీ లేవు, అట్ట మీద పత్తి చేను బొమ్మ మాత్రం ఉంది. వంట చేస్తూ మొత్తం విన్నాను. కూర మాడిపోయింది. తర్వాత కూడా రోజూ విన్నాను, దొంగతనంగా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. కొన్నాళ్ళకి అది అక్కడ కనిపించలేదు. సలోమి తీయించేసిందని అర్థమైంది. అయ్యో అనిపించిందని చెబితే మీకు నామీద కాస్త జాలి కలుగుతుంది. కానీ ముందు నాకు కలిగింది నిశ్చింత. ఇక ఎవరూ దాన్ని విని నా మాట తప్పని చెప్పలేరు కదా. అయ్యో అన్నది ఆ తర్వాత వచ్చింది. వచ్చి, ఇక పోలేదు.

క్వయర్‌లో సలోమి వెనక వరసకి జరిగింది. ఒంటరిగా పాడమంటే గొంతు బాగోలేదనేది. పాస్టరు గారు రెండు మూడుసార్లు అడిగి వదిలేశారు. మేడమీద గదికి మాత్రం ఏటేటా వస్తూనే ఉంది. ఎవరెవరివో ఆల్బమ్స్ తెచ్చి వినిపించేది. నేను బాగున్నాయనేదాన్ని. అన్నీ బాగున్నాయనేదాన్ని. నా కత్తిపీట మొద్దుబారిందని డ్రాయింగ్ మాస్టారు వేళాకోళం చేసేవాడు.

ఆమధ్య తిరువూరు బస్టాండులో ఇద్దరం విజయవాడ బస్సు కోసం నిలబడ్డాం. మామిడికాయల గంపలు, జనం, ఎండ. మాటల మధ్యలో దానంతట అదే ఎత్తింది.

"అక్కా, మీకో సంగతి చెప్పాలి. నవ్వకూడదు. ఎప్పుడో ఒకసారి పత్తి పాట వినిపించానే, గుర్తుందా? మీరు ప్రాణం లేదన్నారు."

"ఏదీ?" అన్నాను. గుర్తు లేనట్టు.

"అది నేనే పాడానక్కా."

నేను నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను. "అవునా! నువ్వా?" అన్నాను. ఎంత చక్కగా నటించానో. జన్మలో ఏ పాటా అంత బాగా పాడలేదు.

"మీరు బాధపడతారనే ఇన్నాళ్ళూ చెప్పలేదు. మీ తప్పేముంది? మీకు తెలీదుగా. తెలిస్తే నామీద ప్రేమ కొద్దీ బాగుందనేవాళ్ళు. తెలీకుండా అన్నారు కాబట్టే అది నిజమని నమ్మాను. ఆ స్టూడియో ఆయన ఇంకోటి చేద్దాం రామ్మా అని ఎన్నిసార్లు ఫోన్ చేశాడో. మా అక్కకి నచ్చలేదండీ అని చెప్పేశాను."

"సలోమీ..."

"ఊరుకోండక్కా. మంచే చేశారు. లేకపోతే నలుగురిలో నవ్వులపాలయ్యేదాన్ని."

బస్సు వచ్చింది. నాకోసం కర్చీఫు వేసి సీటు పట్టింది. విజయవాడ దాకా దాని పక్కనే కూర్చున్నాను. మా పిల్లల చదువుల గురించి మాట్లాడింది. నేను ఊఁ కొట్టాను.

తెలిసే అన్నానని ఆ బస్సులో ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్ని రకాలుగా అడిగానో, దానికి ఎన్ని జవాబులు తయారుచేసి పెట్టుకున్నానో. చెబితే దాని మనసు విరిగిపోతుంది, అక్క అనే మాటే పోతుంది, జరిగిపోయినదాన్ని తవ్వి ఏం లాభం, ఇప్పుడది ప్రశాంతంగా ఉంది కదా. ఈ జవాబులన్నీ సలోమి మేలు కోరినట్టే ఉంటాయి. ఒక్కటీ సలోమి కోసం కాదు. దానికింకా వయసుంది. గొంతు చెక్కుచెదరలేదు, వెనక వరసలోంచి నాకు వినిపిస్తూనే ఉంటుంది. నేను ఈరోజు వినగడప వెళ్ళి చెబితే అది రేపు పాడొచ్చు. కాబట్టి ఇది ఎప్పుడో చేసి వదిలేసిన తప్పు కాదు. చెప్పని ప్రతి రోజూ మళ్ళీ చేస్తున్నాను. ఆ సంగతి తెలిసి కూడా అన్నం తింటున్నాను, బడికి వెళ్తున్నాను, నెలనెలా ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం చెయ్యి చాస్తున్నాను.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. క్షమించే హక్కు మీకు లేదు, అడిగే మొహం నాకు లేదు. సలోమికి చెబుతానని మాట కూడా ఇవ్వను. ఇచ్చి తప్పితే అదింకో అబద్ధమవుతుంది. నాకు ధైర్యం చాలడం లేదు, అంతకంటే గొప్ప కారణమేమీ లేదు. కాకపోతే ఒక్క మాట ఎక్కడో ఒకచోట అనకపోతే ఊపిరాడేట్టు లేదు. ఆ ఏడాది వచ్చిన పాటలన్నిట్లో నాకు ప్రాణంగా నచ్చిన ఆల్బమ్ సలోమిది. దాన్ని మించింది ఆ ఏడాది రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.