నాలుగు చుక్కల మధ్య ఖాళీ

2024 మార్చి. తార్నాకలోని మా విశ్వవిద్యాలయంలో యుద్ధాల తీరుతెన్నుల గురించి పాఠాలు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఒక్కరోజు కూడా తుపాకీ పట్టనివాణ్ని. అయినా సైనికుడు ఎప్పుడు నిలబడతాడో, ఎప్పుడు వెనక్కి తగ్గుతాడో తడుముకోకుండా చెప్పేవాణ్ని.

నా దగ్గర సంధ్య పీహెచ్‌డీ చేస్తోంది. డ్రోన్లు వచ్చాక నేల మీది యుద్ధం ఎలా మారిందన్నది ఆమె అంశం. పైనుంచి ఎవరో చూస్తూనే ఉంటే సైనికులు పట్టుకున్న నేలను తొందరగా వదిలేస్తారని వాదన. నిజానికి ఆ వాదన ముందు నాది. రుజువు కోసం యుద్ధభూముల నుంచి బయటికొచ్చిన డ్రోన్ వీడియోలు పోగుచేసి కోడింగ్ చేశాం. అంటే ఒక్కో వీడియోలో జరిగింది చూసి, దానికో గుర్తు వేసి పట్టికలో చేర్చడం. మనుషులు కందకం వదిలి వెనక్కి కదిలితే 'రిట్రీట్', వెనకడుగు. దిశ తెలియగానే వీడియో ఆపేయాలన్నది నేను పెట్టిన నియమమే. పని త్వరగా తెమలాలి కదా.

సంధ్యకు గడువు అప్పటికే రెండుసార్లు పెంచారు. ఆ నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ల చదువు గంగలో కలిసినట్టే. నెల మొదటి వారంలో ప్రీ-సబ్మిషన్ సెమినార్, అంటే థీసిస్ ఇచ్చేముందు అందరి ఎదుటా చేసే ప్రసంగం. దానికి ముందురోజు సాయంత్రం సెమినార్ హాల్లో ఇద్దరం రిహార్సల్ వేసుకుంటున్నాం. తాళం వేయడానికి వచ్చిన సెక్యూరిటీ గార్డు యాదగిరి తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. ఉండేది లాలాపేట్‌లో. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు.

తెర మీద థర్మల్ కెమెరా దృశ్యం. అది వేడిని పట్టే కెమెరా కాబట్టి ఒంట్లో వేడి ఉన్నవాళ్లే తెల్ల చుక్కల్లా కనిపిస్తారని సంధ్య వివరించింది. మంచు నేల మీద నాలుగు చుక్కలు కందకం నుంచి వెనక్కి కదిలాయి. స్పష్టమైన రిట్రీట్ అని చెప్పి ఆపేసింది.

"పారిపోతలేరమ్మా," అన్నాడు యాదగిరి. "మోసుకపోతున్నరు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. తాళం మేం వేసుకుంటాం, మీరు వెళ్లండన్నాను. అతను వెళ్లకుండా తెర దగ్గరికొచ్చి వేలితో చూపించాడు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ పెరగదు, తగ్గదు. పారిపోయేవాళ్లు చెల్లాచెదరవుతారని, స్ట్రెచర్ పట్టుకున్నవాళ్లే ఇలా నడుస్తారని చెప్పాడు.

"మరి స్ట్రెచర్ మీద మనిషి కనబడాలె కదా అన్నా?" అంది సంధ్య.

"వేడి ఉన్నోళ్లే కనబడతరని నువ్వే అంటివి గద."

నాకు భయం వేసింది. చనిపోయిన ఆ మనిషిని తలచుకుని కాదు, మా నాలుగో అధ్యాయం గురించి. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఒక్క వీడియోతో కొంపలు మునగవు, రేపటికి ఇలాగే కానిద్దాం అన్నాను.

మిగతా వీడియో చూశారా అని యాదగిరి అడిగితే, సంధ్య లేదని తలూపి ప్లే నొక్కింది. చుక్కలు చెట్ల చాటుకు పోయాయి. తెర ఖాళీ. ఒక నిమిషం గడిచింది, రెండో నిమిషమూ గడిచింది. అవి తిరిగి రాకూడదని లోలోపల మొక్కుకున్నాను. వచ్చాయి. నాలుగూ ఈసారి వేగంగా, ఎడంగా పరుగెత్తి అదే కందకంలోకి దిగాయి.

"చనిపోయినోళ్ల కోసం గూడ గంత రిస్క్ తీసుకుంటరా అన్నా?"

"ఇడిసిపెట్టి రాబుద్ధి కాదమ్మా," అన్నాడు. "నేనొకసారి ఇడిసొచ్చిన," అని తాళంచెవులు తీసుకుని బయటికి నడిచాడు.

మర్నాడు సెమినార్‌లో నాలుగో అధ్యాయం మళ్లీ రాస్తానని సంధ్య తనే చెప్పింది. గడువు గుర్తుందా అని కమిటీలో ఒకాయన గద్దించాడు. తప్పుడు నియమం పెట్టింది నేనని లేచి చెప్పాను. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ప్రతి వీడియో చివరిదాకా చూశాం. వెనకడుగు అనుకున్నవాటిలో చాలావాటికి గుర్తు మారింది, మా వాదన సగానికి తగ్గింది. ఆఖరి రోజు ఆఫీసు మూసే వేళకు సంధ్య థీసిస్ అందజేసింది.

ఇప్పుడు కొత్త బ్యాచ్‌కి మొదటి క్లాసులో ఆ వీడియోనే వేస్తాను. చుక్కలు చెట్ల చాటుకు పోగానే పిల్లలు ఫోన్లు తీస్తారు. అయిపోయింది కదా సార్, ఆపేయండి అంటారు. నేను ఆపను.